చెవి వెనక ఇనుము

దయ్యాలంటే నాకు భయం కాదు, ఒళ్ళు మంట. పద్నాలుగేళ్ళుగా బెంగళూరులో ఎమ్మారై మిషన్ నడుపుతున్నాను. రోజూ మనుషుల తలల్లోకి తొంగి చూసేవాడికి ఆ కథలు చెబితే చిరాకు రాదా?

మా చెల్లెలు భారతి కాన్పుకని బెంగళూరు శివారు కాడుగోడిలో మా ఇంటికొచ్చింది. దయ్యాలు దగ్గరికి రాకుండా బాలింత పక్కన ఇనుము ఉండాలని అమ్మ తలగడ కింద చిన్న కత్తి పెట్టింది. పన్నెండో రోజు పట్టపగలు, మూడు రోజులుగా కంటి మీద కునుకు లేని భారతి ఆ కత్తే తీసి పాప మీదికి వెళ్ళింది. అడ్డుపడిన అమ్మ అరచెయ్యి చీలి ఆరు కుట్లు పడ్డాయి. నేనూ బావా భారతిని నేలకేసి అదిమిపట్టాం. నా భుజం కండ ఊడేలా కొరికింది. ఇది నా చెల్లెలేనా అని ఏడుపొచ్చింది.

కాన్పు తర్వాత కొందరికి ఇలా మతి చలిస్తుందనీ, మందులకు తగ్గుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. మెదడులో ఇంకే జబ్బూ లేదని తేల్చుకోవడానికి స్కాన్ రాసింది. మర్నాడు ఉదయం నా మిషన్ మీదే తీశాం.

ఆ గదిలోకి ఇనుము పోకూడదు, అయస్కాంతం లాగేస్తుంది. నర్సు మెట్టెలు, పిన్నులు అన్నీ తీసింది. మత్తులోనూ భారతి నా చెయ్యి వదల్లేదు.

"ఇనుము తీయొద్దన్నా. అది చెవి ఎనకాల కాచుకోని ఉండాది."

మొదటి బొమ్మల్లోనే కుడిచెవి వెనక వంకర తిరిగిన నల్లమచ్చ కనిపించింది. ఇనుముంటేనే అలా పడుతుంది. పిన్ను మరిచిందని నర్సును తిడుతూ భారతిని బయటికి లాగాను. జుట్టు పాయపాయా వెతికాం. ఏమీ లేదు. భారతి కళ్ళు తెరిచింది.

"పోయిందిలేన్నా. పాప దగ్గరికి పోయింది."

రెండోసారి తీస్తే మచ్చ లేదు. మెదడు బాగానే ఉందని తర్వాత రిపోర్టొచ్చింది. నేను మాత్రం స్కాన్ అవగానే ఇంటికి ఫోన్ చేశాను. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి దగ్గర లేదని అమ్మ ఆ కత్తినే కడిగి, ఉయ్యాల్లో బొంత అడుగున పెట్టిందట. ఇప్పుడది బొంత పైన ఉంది. పాప కుడిచెవి వెనక తెగి నెత్తురు కారుతోంది. అమ్మను నోటికొచ్చినట్టు తిట్టాను, ఇప్పటికీ సిగ్గేస్తుంది. పాప కదిలితే జరిగుంటుందంటాడు బావ. పదమూడు రోజుల పసిగుడ్డు బొంతను తిరగేస్తుందా?

భారతి నాలుగు నెలల్లో కోలుకుంది. ఆ రోజులేవీ దానికి గుర్తులేవు. ఆ మొదటి బొమ్మలు నా దగ్గరే ఉన్నాయి. పాప మచ్చతో పోల్చి చూశాను. అదే చోటు, అదే వంకర.

మొన్న పాపకు తల దువ్వుతూ, ఈ మచ్చెట్లా పడిందన్నా అని భారతి అడిగింది. ఉయ్యాల గీసుకుందని చెప్పాను. నిజమేమిటో నాకు తెలిస్తే కదా, చెప్పడానికి.