నీటి అడుగున గీసిన బొమ్మ

భూపాలపల్లి బజారులో గని కార్మికులకు బూట్లు, వానకోట్లు అమ్మే కొట్టొకటి ఉంది. మొన్న ముసురు పట్టినప్పుడు గొడుగు కొనబోయి ఆ గుమ్మంలో నిలుచున్నాను. ఎవరో విప్పి దండేనికి ఆరవేసిన తడి రబ్బరు కోటు వాసన ముఖానికి కొట్టింది. నాకు మాత్రం అది బొగ్గు గనిని తలపించే వాసన కాదు. అది ఒక పడవది. బాలు నాయక్ సారు నడుముకు సీసపు దిమ్మల పట్టీ బిగించుకుంటూ నావైపు చూసి నవ్విన ఒక ఉదయానిది. గొడుగు కొనకుండానే తడుస్తూ ఇంటికి వచ్చాను.

జనగామ కళాశాలలో ఆయన జంతుశాస్త్రం బోధించేవారు, నేను తెలుగు చెప్పేవాణ్ణి. సారు పెద్దవంగర దాపున ఒక తండాలో పుట్టి, ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష నేర్చినవారు. ఎండకాలం బావుల్లో మునిగి, జారిపడిన చేదబకెట్లను పైకి తెచ్చిన బాల్యం ఆయనది. సీసాలకు అంటించే పేర్ల చీటీలను అందమైన దస్తూరీతో రాసిపెట్టమని మొదట నన్ను తన ప్రయోగశాలకు పిలిచారు. అప్పటికి ఒక విద్యార్థి బొద్దింకను ఎదుట పెట్టుకొని, పుస్తకంలోని బొద్దింకను నకలు గీస్తున్నాడు. సారు ఆ కాగితాన్ని నిలువునా చింపారు. “కనవడ్డది గీయిరా. పుస్తకంలున్నదే గీసుడైతె ఇంటికాడ పండుకొని గీయరాదు?” అన్నారు. నేను నవ్వినందుకు నా చేతికీ ఒక కాగితం వచ్చింది. నాలుగు వాక్యాలు రాయమన్నారు. నేను దాని రెక్కలను పట్టువస్త్రంతోను, మీసాలను వీణతంత్రులతోను పోల్చాను. ఆయన ఓపికగా చదివి, “అన్ని మంచిగనే ఉన్నయ్ పంతులూ, కాళ్లెన్నో రాయలే. నువ్వు దాన్ని చూడలే, నీ సదువును చూసుకున్నవ్” అన్నారు. అంతకుముందు నా విద్యను ఎవరూ అంత తేలికగా తూచలేదు. నాటినుండి ఏది రాసినా మొదట కాళ్లు చూసుకొనడం అలవాటయింది.

ఆ గదిలోని అలమరలో ఒక సీసా ఉండేది. అందులో ఎముకలా తెల్లని పగడపు ముక్క. పదవీ విరమణ దగ్గరపడిన రోజుల్లో ఆయన దానిని తీసి తుడుస్తూ, “ముప్పై ఏండ్లు గీ బొక్కనే చూయించి పగడపు జీవి అని చెప్పిన. పానంతోని, రంగులతోని ఉన్నదాన్ని ఒక్కపారి చూడాలె, కండ్లు ఉండంగనే” అన్నారు. ఆయనకు నీటికాసుల జబ్బు. పూటపూటకూ చుక్కల మందు వేసుకుంటే చూపు కొన్నేళ్లు నిలుస్తుందనీ, మానితే ఆరిపోతుందనీ వైద్యుడు చెప్పి ఉన్నాడు.

రాష్ట్ర ప్రకటన వచ్చి, వెనుకకు పోయిన మరుసటి ఎండకాలమది. జనగామ చౌరస్తాలోని దీక్షా శిబిరంలో సారు ప్రతి ఉదయం పత్రిక బిగ్గరగా చదివి వినిపించేవారు. సెలవుల్లో వారం రోజులకు ఆ పత్రికను మరొకరి చేతికిచ్చి, నన్ను వెంటబెట్టుకొని అండమానుకు బయలుదేరారు. ఆయన పాత శిష్యుడు యాకయ్య అక్కడొక పడవలో ఉద్యోగి. అది యాత్రికులు రాత్రింబవళ్లు సముద్రం మీదనే ఉండి, అందులోనే తిని, పడుకొని, రోజుకు మూడుమార్లు గాలిసిలిండరు కట్టుకొని మునిగే పడవ.

“సార్, బావిల దుంకినట్టు దుంకొద్దు. ఊపిరి ఆపొద్దు, గదొక్కటి యాది పెట్టుకోండ్రి” అని యాకయ్య రెండు రోజులు తీరంలో నేర్పాడు.

“బావిల ఊపిరి ఆపుడే సదువురా. ముసలితనంల తిరగేసి నేర్పవడ్తివి!”

పడవలో కోస్తావైపు పెద్దమనిషి ఒకాయన, “మీరు మాట్లాడుతుంటే సినిమాలో హాస్యగాడు గుర్తొస్తున్నాడండీ” అన్నాడు. నాకు మండిపోయింది. సారు మాత్రం, “గందుకే సారూ, నాకు నీళ్ల కిందనే ఇష్టం. ఆడ మీరూ బుడగలే, నేనూ బుడగలే” అన్నారు. ఆ పెద్దమనిషి కూడా నవ్వక తప్పలేదు.

మూడవనాటి ఉదయం యాకయ్య ఆయన చేయి పట్టుకొని దిగాడు. సారు మణికట్టుకు నీటిలో గీసుకొనే పలక, పెన్సిలు కట్టి ఉన్నాయి. నేను ఈతరానివాణ్ణి. పడవ నిచ్చెన పట్టుకొని, అద్దాలు తగిలించుకొని తల మాత్రం ముంచాను. నీరు స్ఫటికం వలె ఉంది. దిగువన పగడపు మైదానమంతా వల్లకాటి ఎముకలను పోగుపెట్టినట్లు తెల్లగా ఉంది. నడుమ నడుమ సారు వదలిన బుడగలు లేచి వస్తున్నాయి.

ఆయన పైకి తేలి, నిచ్చెన అందుకొని, అద్దాలు ఊడబెరికి రొప్పుతూ అడిగారు: “పంతులూ, జల్ది చెప్పు. నాకంత తెల్లగనే కనవడ్డది. నా కండ్లా, అదే గట్లున్నదా?”

చనిపోయినది ఆయన కలా, ఆయన చూపా అన్నది నా నోట తేలవలసి వచ్చింది. చూపు ఎట్లాగూ పోయేదే, కలనైనా మిగిలిద్దామనుకొన్నాను. “రంగులు నిండుగా ఉన్నాయి సార్. కుంకుమ, పసుపు, నెమలికంఠపు నీలం” అన్నాను. నా చదువంతా ఆ ఒక్క అబద్ధానికి అక్కరకు వచ్చింది. యాకయ్య నన్ను చూసి తల దించుకొన్నాడు.

“గట్లనా” అన్నారు సారు. అద్దాలు యాకయ్య చేతిలో పెట్టి, “మంచిదే. అదన్న బతికున్నది” అన్నారు.

తక్కిన రోజులు ఆయన మునగలేదు. “కనవడనిదానికి గాలి దండుగ” అని, ఆరవేసిన రబ్బరు దుస్తుల నీడలో కూర్చున్నారు. యాకయ్య నన్ను వంటగది వెనుకకు పిలిచి, “ఈయేడు నీళ్లు కాగి పగడమంత తెల్లవడ్డది సార్. కొంత సచ్చింది, కొంత సావవట్టింది. నిజం చెప్పనా?” అన్నాడు. వద్దన్నాను. నేను అతనికీ పాఠం చెప్పినవాణ్ణి. నా మాట దాటలేదు.

తిరిగి వచ్చాక శిబిరంలో సారు పత్రికను పక్కవారికి అందించేవారు. “కండ్లు పోయినయ్ బిడ్డా, నువ్వు సదువు.” మొదట నాకు గుచ్చుకొనేది. తరువాత తరువాత వ్యాధి ముదిరిందని సరిపెట్టుకొన్నాను.

మరుసటి ఏడు యాకయ్య సెలవు మీద వచ్చాడు. ఆనాడు వంటావార్పు జరుగుతున్నది. రోడ్డు మీదనే పొయ్యిలు వెలిగించి అన్నాలు వండుతున్నారు. శిబిరం నిండా పొగ. సారు గోడను తడుముకుంటూ రావడం చూసి అతడు ఉండబట్టలేకపోయాడు. “సార్, ఆ పొద్దు తెల్లగనే ఉండె. మీ కండ్లు సరిగ్గనే చూసినయ్.”

సారు నేను కూర్చున్నవైపు ముఖం తిప్పారు. “సుక్కల మందు బంద్ పెట్టిన పంతులూ. రంగులే పోయినంక ఇగ దేనికని, వచ్చినకాన్నుంచి ఎయ్యలే.”

మరునాడు మనుమడి చేత, నీటిలో గీసిన ఆ పలక పంపి, వెనుకనే తానూ వచ్చారు. “తప్పు గీసిన అనుకొని పెట్టెల ఏసిన. నువ్వు చూసి చెప్పు, ఒప్పేనా?”

“ఒప్పే సార్.”

“ఇప్పుడు చెప్తున్నవ్” అన్నారు.

రాష్ట్రం వచ్చిందన్న కబురు తెలిసిన రోజున ఆయనను చేయిపట్టి చౌరస్తాకు తీసుకుపోయాను. “ఏం కనవడ్తున్నది? కనవడ్డదే చెప్పు” అన్నారు. గులాలు చల్లుకొనేవారిని, డప్పులను, లారీలెక్కి ఎగురుతున్న వారిని చెప్పాను. పాల కొట్టు పక్కన, ఉద్యమంలో ప్రాణం తీసుకొన్న కొడుకు ఫోటో ఒడిలో పెట్టుకొని కూర్చున్న తల్లి దగ్గర నా మాట ఆగింది. ఆయన వేళ్లు నా చేతిని బిగించాయి. అప్పుడు చెప్పాను: “ఆమె నవ్వుతలేదు సార్. ఆమె దిక్కు ఎవ్వరూ చూస్తలేరు.”

“తీసుకపో నన్ను ఆమె దగ్గరికి” అన్నారు.

సారు పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు నాకూ కంటిలో చుక్కలు వేసుకోమన్నారు. ప్రతి ఉదయం వేసుకొని, మసక విడిచిన తరువాత ఆ పలక తీస్తాను. పగడపు కొమ్మ మీద, ఒక్కొక్క జీవి కాపురముండే చిన్న చిన్న గిన్నెలను ఆయన పెన్సిలుతో ఎంతో శ్రద్ధగా గీశారు. అవి ముప్పది ఒకటి. ఏ గిన్నెలోనూ ప్రాణి లేదు. చూడాలని ముప్పై ఏళ్లు ఎదురుచూసినవాడు, ఒక్కదానిలోనైనా ఉన్నట్లు గీయలేదు.