విరిగిన తోకలు చదివిన మనిషి

మా రొయ్యల షెడ్డు మేస్త్రి గారు పోయారని నాకు సెల్‌ఫోన్ చెప్పింది. ఆ షెడ్డులో పనిచేసి మానేసిన పాతవాళ్లం కొందరం ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. పొద్దున్నే అందులో గులాబీలు, శుభోదయాలు వస్తుంటాయి. ఆ రోజు గులాబీకీ గులాబీకీ మధ్య ఆయన ఫోటో వచ్చింది, కింద ఒక్క వాక్యంతో. అది చూసుకోకుండా ఎవరో ఇంకో గులాబీ పెట్టేశారు. ఆయనే ఉండి చూస్తే, "పోనీలే అబ్బయ్యా, పూలు కూడా వచ్చేసినాయి" అనేవారు.

ఫోన్ తీసుకెళ్లి వంటింట్లో ఉన్న మా ఆవిడకు చూపించాను. ఆమె కూడా ఆ షెడ్డులో పన్నెండేళ్లు రొయ్యలు ఒలిచిన మనిషే. పొయ్యి ఆపి, గట్టు పట్టుకుంది. "ఆడ ఇంకా వేన్నీళ్లు పెడతా ఉండారో లేదో" అంది. అంతే అంది.

మా షెడ్డు తోటపల్లి గూడూరు వైపు, చెరువుల మధ్యలో ఉండేది. అరవై మంది ఆడవాళ్లు పొడుగాటి బల్లల దగ్గర నిలబడి తల తీసి, పొట్టు ఒలిచి, నరం లాగి, తోక మాత్రం ఉంచేవాళ్లు. ఆ తోక ఉన్న రొయ్యకే పై దేశాల్లో మర్యాద. తోక విరిగితే అది రెండో రకం. నేను కాటా దగ్గర తూకం మనిషిని. నా చదువు ఐదో తరగతి, మిగతాదంతా రొయ్యల పెట్టెల మీద రాతలు, బజ్జీల కాగితాలు. బజ్జీల కాగితంతో ఒక ఇబ్బంది ఉంది, కథ రసపట్టులో ఉండగా నూనె మరక వస్తుంది. అందుకే నాకు సగం సగం సంగతులు చాలా తెలుసు.

మేస్త్రి గారు నెల్లూరు సాయిబు. అందరికీ భాయ్. షెడ్డులో అడుగు పెడితే ఆయనా మాలాగే గమ్‌బూట్లు, టోపీ, మూతికి గుడ్డ. ఆ గుడ్డ అంచుకి కాస్త అత్తరు రాసుకునేవారు. సాయంత్రం నెల్లూరు బస్సెక్కితే మా దగ్గర వచ్చే వాసనకి జనం జరిగి జరిగి ముందుకు పోయేవాళ్లు. ఆడవాళ్లు చిన్నబుచ్చుకునేవాళ్లు. ఆయన మాత్రం ఖాళీ అయిన సీట్లో కాళ్లు చాపుకుని, "రండమ్మా కూర్చోండి. డబ్బున్నోళ్లకి కూడా ఇంత మర్యాద జరగదు" అనేవారు. నవ్వుకుంటూ కూర్చునేవాళ్లు. నేను మాత్రం నవ్వేవాణ్ణి కాను. ఆ రోజుల్లో నేను చాలా కచ్చితమైన మనిషిని. కచ్చితం అంటే ఏమిటో అప్పట్లో నాకూ తెలియదు.

ఐసులో చేతులు పెట్టి పెట్టి ఆడవాళ్ల వేళ్లు కొయ్యబారిపోయేవి. అన్నాల గంటకి ముందు ఆయన ఒక గంగాళంలో గోరువెచ్చని ఉప్పునీళ్లు పెట్టించేవారు. వేళ్లు ముంచుకున్నాకే అన్నం. ఇది ఏ రూల్లో ఉందని మేనేజరు అడిగాడొకసారి. "రూల్లో ఉంటే నేను పెట్టే పనేముంది సార్" అన్నారు.

ఇప్పుడు ఆయన అసలు విద్య చెప్పాలి. సాయంత్రం పనయ్యాక ఒక్కొక్కరి విరిగిన తోకల తట్ట ముందు గొంతుక్కూర్చుని, వేలితో కదిపి చూసేవారు. తిట్టడానికని నేను అనుకునేవాణ్ణి.

"ఇది నిద్ర" అనేవారు ఒక తట్ట చూసి. "సగం ఒలిచి ఇడిచిపెట్టింది చూడు, బిడ్డకి జరమేమో." ఇంకోటి చూసి, "ఇది కోపం. టక్కున ఇరిగింది. అత్తతో అయ్యుంటది." ఒక్కో తట్ట దగ్గర మాత్రం ఏమీ అనకుండా ఎక్కువసేపు ఉండేవారు. మెలిపడి, మాంసంతో సహా ఊడొచ్చిన తోకలు అవి.

"ఇదేంది భాయ్?" అని అడిగాను.

"కళ్లు ఈడ లేవు కాటా. ఏడుస్తా చేసింది."

నా పేరు ఆయనకి తెలుసో లేదో చెప్పలేను. కాటా అనే పిలిచేవారు.

మర్నాడు ఆ మనిషిని బల్ల మార్చేవారు. మాటల పోగుల పక్కన దిగులు మనిషి, సణిగేవాళ్ల పక్కన చెవిటి ముసలామె. ఆ ముసలామెకి ఎంత సణిగినా నవ్వుతూ తలూపడమే తెలుసు. వారం తిరక్కుండా సణుగుడు ఆగిపోయేది. కొందరిని ఒలుపుడు నుంచి తీసి రెండు రోజులు పెట్టెల దగ్గర ఉంచేవారు. ఎందుకని అడిగితే చెరువు రైతులందరికీ తెలిసిన మాటే చెప్పేవారు. "రొయ్య పెంకు వదిలిన రోజు మెత్తగా ఉంటది. ఆ రోజు వల వేస్తే నీకే నష్టం. మనిషీ అంతే. మెత్తబడిన రోజు ముట్టుకోబాక."

ఒకసారి మేనేజరు చెన్నై నుంచి ఒకాయన్ని పిలిపించాడు, పనివాళ్ల మనసుల్లో ఉత్సాహం నింపడానికట. టై కట్టుకుని వచ్చి, అరవై మందినీ నిలబెట్టి, బల్ల దగ్గరికి రాగానే పక్కవాళ్లని చూసి నవ్వాలని, నవ్వితే పని పెరుగుతుందని చెప్పాడు. అందరూ నవ్వండి అన్నాడు. అరవై మూతులకీ గుడ్డలున్నాయి. ఎవరు నవ్వారో, ఎవరు నాలుక బయటపెట్టారో దేవుడికే తెలియాలి. ఆయన ఒక నిమిషం చూసి, బాగా నవ్వారని మెచ్చుకుని బిర్యానీ తిని వెళ్లిపోయాడు.

"గుడ్డ మింద నవ్వు బొమ్మ ఏయించుకుంటే సరిపోద్ది కదా భాయ్" అంది మా ఆవిడ.

"నవ్వమంటే వచ్చేది నవ్వు కాదమ్మా, పన్ను నొప్పి" అన్నారాయన.

ఇంత దూరం తిరిగి వచ్చింది ఒక్క మాట చెప్పడానికి. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, అందుకే అత్తరు, బస్సు, బిర్యానీ అంటూ తప్పించుకుంటున్నాను.

విడవలూరు వైపు నుంచి ఒకామె పనికొచ్చేది. ఒంటరి మనిషి, ఇంట్లో తల్లి తప్ప ఎవరూ లేరు. ఆ తల్లికి మతి తప్పింది. ఒకటి రెండుసార్లు రోడ్డు పట్టుకుని సముద్రం దాకా నడిచిపోయింది. చూసేవాళ్లు లేక, ఈమె పొద్దున తల్లిని లోపల పెట్టి తలుపుకి బయట తాళం వేసి వచ్చేది. చేతులు రొయ్యల మీద, ప్రాణం ఆ తాళం మీద. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పట్లో నాకు తెలిసింది ఒకటే, ఆమె తట్టలో తోకలు రోజురోజుకీ ఎక్కువ విరుగుతున్నాయని.

పై దేశం కొనుగోలుదార్ల మనుషులు చూడ్డానికొస్తారని కబురొచ్చింది. మేనేజరు కాటా దగ్గరికి వచ్చి, ఈ విరిగిన సరుకు ఎవరిదయ్యా అని నన్ను అడిగాడు. అడగ్గానే నా ఛాతీ పొంగింది. అంతమందిలో నన్నే అడిగాడు కదా. ఆమె తట్ట నంబరు చెప్పాను. అక్కడితో ఆగినా బాగుండేది. "పని మీద బుద్ధి లేదు సార్, చానా రోజులుగా చూస్తా ఉండా" అని కూడా అన్నాను.

రేపు ఒక్కరోజు చూస్తాను, తీరు మారకపోతే పంపించేస్తానన్నాడు మేనేజరు. పక్కన ఐసు గది గడపలో మేస్త్రి గారు నిలబడి ఉన్నారు. విన్నారు. నా వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

మర్నాడు ఆయన మూతి గుడ్డ బిగించుకుని, తానే ఒలుపుడు బల్ల దగ్గర నిలబడ్డారు, సరిగ్గా ఆమె పక్కన. ఇరవై ఏళ్లు ఒలిచిన చెయ్యి. కళ్లు మూసుకున్నా తోక విరగదు. కాటా దగ్గర నుంచి నాకు ఆ బొటనవేలు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. ఒక్కొక్క తోక పట్టుకుని, మెల్లగా, కావాలని విరుస్తున్నారు. ఆయన ఒలిచిన మంచివి ఆమె తట్టలో పడ్డాయి. ఆమెవీ ఆయనవీ విరిగినవన్నీ ఆయన ముందున్న తట్టలో పడ్డాయి.

మేనేజరు వచ్చి చూశాడు.

"ఇదేంది మేస్త్రీ, నీ చేతులేనా ఇవి?"

"నావే సార్. వయసైపోతా ఉండాది, పట్టు దొరకడంలే."

"నువ్వే ఇట్టా ఇరగ్గొడితే వాళ్లకేం నేర్పిస్తావు?"

"ఈ మధ్య వాళ్లు చేసేదంతా నేను నేర్పిందే సార్. తప్పు నాది."

మేనేజరు నన్ను చూశాడు. "ఏమయ్యా, నువ్వు చూస్తానే ఉండావు గదా?" అన్నాడు. నేను కాటా ముల్లు వైపు చూశాను. కాటా మీద ఏమీ లేదు. అయినా అదే చూస్తూ నిలబడ్డాను.

ఆమె పని నిలబడింది. ఆయన్ని మాత్రం మేస్త్రీగా దించి, ఆ సీజనంతా ఐసు కొట్టే పనికి పంపించారు. ఆ వయసులో ఐసు దిమ్మలు మోసి భుజం పట్టేసింది. చివరిదాకా ఆ చెయ్యి తల మీదికి లేవలేదు. నంబరు చెప్పింది ఎవరని బల్లల దగ్గర ఆడవాళ్లు గుసగుసలాడుకునేవాళ్లు. ఆ బల్లల దగ్గరే మా ఆవిడా ఉండేది. ఆయన ఒక్క మాట అనుంటే నేను ఆ షెడ్డులోనే కాదు, నా ఇంట్లోనూ తలెత్తుకోలేకపోయేవాణ్ణి. ఆయన అనలేదు. ఐసు గదిలోంచి కూడా అన్నాల గంటకి గంగాళం మాత్రం తప్పకుండా బయటికొచ్చేది. ఆ సీజన్లో ఒకరోజు దాన్ని తెచ్చి నా కాటా పక్కన పెట్టి, "నువ్వూ ముంచు కాటా, నీ వేళ్లూ బిగుసుకుపోయినాయి" అన్నారు. కాటా మనిషికి ఐసులో పనుండదు. అయినా ముంచాను.

తర్వాత మళ్లీ మేస్త్రీని చేశారు, ఆయన లేకపోతే బల్లలు నడవలేదు గనక. ఏళ్లు గడిచాయి. ఇద్దరం మానేశాం. మొన్న ఎండాకాలం ఆయనకి బాగోలేదంటే నెల్లూరులో ఇంటికి వెళ్లాను. ఈసారి చెప్పేయాలని దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. కూర్చోగానే, "భాయ్, ఆ రోజు..." అన్నాను.

"టీ తాగు ముందు. చల్లారితే అది మేనేజరు మొహం అయిపోద్ది" అన్నారు.

తాగాను. ఆయన చెరువుల సంగతి అడిగారు, ధర అడిగారు, మా ఆవిడ మోకాళ్ల నొప్పులు అడిగారు. లేచేటప్పుడు మళ్లీ మొదలుపెట్టాను. మంచి చేత్తో నా మోచెయ్యి పట్టుకుని, "పోయిరా కాటా, బస్సు పోద్ది" అన్నారు. బస్సుకి ఇంకా గంట ఉంది. ఇద్దరికీ తెలుసు.

గ్రూపులో ఫోటో వచ్చిన రోజే ఖబరస్తాన్‌కి వెళ్లి మూడు గుప్పిళ్ల మట్టి వేశాను. షెడ్డు ఆడవాళ్లు బయట రోడ్డు పక్కన, గోడ నీడలో వరసగా నిలబడ్డారు, బల్ల దగ్గర నిలబడ్డట్టే. విడవలూరు ఆమె కూడా ఉంది. తల్లి ఎప్పుడో పోయిందట. నన్ను చూసి, "అన్నా, బాగుండావా?" అంది. బాగున్నానన్నాను.

నాలుగో రోజు మా ఆవిడ బజారు నుంచి రొయ్యలు తెచ్చింది. మోకాళ్ల నొప్పితో ఆమె కింద కూర్చోలేకపోతోందని, ఒలవడానికి నేను కూర్చున్నాను. ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. తలెత్తకుండానే చెప్పేశాను. నంబరు ఇచ్చింది నేనేనని, పని మీద బుద్ధి లేదన్నదీ నేనేనని, ఆయన భుజం నా మాట మోసిందని.

కత్తి ఆగింది. ఆమె నా మొహం చూడలేదు, నా ముందున్న పళ్లెం చూసింది. నేనూ అప్పుడే చూశాను. ఒక్క రొయ్యకీ తోక లేదు. అన్నీ మెలిపడి, మాంసంతో సహా ఊడొచ్చేశాయి.

కత్తి పక్కన పెట్టి లేచింది. పొయ్యి ముట్టించిన చప్పుడైంది. కాసేపటికి ఒక గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, చిటికెడు ఉప్పు వేసి, మళ్లీ వెళ్లి ఉల్లిపాయల దగ్గర కూర్చుంది. నీళ్ల మీద సన్నగా ఆవిరి లేస్తోంది.