వెళ్తానండి

తణుకులో మా రైస్‌మిల్లు ఆఫీసులో కంప్యూటర్ సర్వర్ చూసే మేడమ్ ఒకావిడ ఉండేవారు. అందులో వెనకాల నడిచే ప్రోగ్రాముల్లో, ఎవరూ వాడని సర్వీసులు తెరిచి ఉంచితే దొంగలకి దారి ఇచ్చినట్టేనని వాటిని ఒక్కొక్కటే మూసేవారు. నేనైతే ఆపేసి ఊరుకునేవాణ్ణి.

"ఆపితే చాలదండి. అది వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళినట్టు. మెషీన్ మళ్ళీ ఆన్ చేయగానే వచ్చి కూర్చుంటుంది. డిసేబుల్ చేయాలి. అప్పుడు వెళ్తానని వెళ్ళినట్టు," అనేవారు.

రోజూ సాయంత్రం గుమ్మం దగ్గర ఆగి "వెళ్ళొస్తానండి" అనేవారు. ఒకరోజు మాత్రం "వెళ్తానండి" అన్నారు.

"అలా అనకూడదు మేడమ్, వెళ్ళొస్తానని అనండి," అన్నాను. నవ్వి, చెప్పులేసుకున్నారు.

ఆ రాత్రి నిద్రలోనే పోయారు. పెద్దకర్మ అయ్యాక, ఆవిడ లాగిన్ తీసేద్దామని కూర్చున్నాను. అది అప్పటికే డిసేబుల్ చేసి ఉంది. సర్వర్‌లో రికార్డు తీసి చూశాను. చేసింది ఆవిడే, ఆ సాయంత్రమే.