మరకంటని ఏప్రన్

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు చర్చిలో దేవకుమార్ ఐరిష్ పల్లె రొట్టెకి పెద్ద పండితుడు. మజ్జిగ, వంటసోడా, గోధుమపిండి అంటూ పేదరైతుల వంట గురించి గంటసేపు దంచుతాడు. ఆయన తెల్ల ఏప్రన్‌కి మాత్రం ఇంతవరకు పిండి మరక అంటలేదు. పిసికేది ఆసుపత్రి డ్యూటీ దిగొచ్చిన భార్య రూతు. "చపాతీ పిండిలా బాగా మర్దించవే!" అని సోఫాలోంచే కేకేస్తాడు.

మొన్న తలా ఒక వంటకం తెచ్చుకునే చర్చి పొట్లక్‌లో ఆ ఏప్రన్‌తోనే నిలబడి, "నేనే చేశానండీ" అంటూ రొట్టె పంచాడు. అతిథిగా వచ్చిన, ఐర్లాండ్ పల్లెలో పుట్టిన పక్కింటి ముసలమ్మ నోరా ఒక ముక్క కొరికి దవడ పట్టుకుంది.

"దీన్ని పిసక్కూడదు నాయనా, రాయైపోతుంది! రెండు నిమిషాలు కలిపితే చాలు."

"రూతు చేసిందిలెండి," అన్నాడు వెంటనే.

రూతు అందరి ముందూ నవ్వింది. "రెండు నిమిషాల పనేనటగా! ఏప్రన్ ఎలాగూ మీ ఒంటిమీదే ఉంది. ఇకనుంచి మీరే కలపండి."