నేలకు చెప్పిన సారీ

మేం అమెరికాలో, బాతెల్ అనే ఊళ్లో ఉంటాం. నా భార్య సుధ మా గరాజ్‌లో పిల్లలకు కూచిపూడి నేర్పేది. ఒక చలికాలం ఆమెకు మోకాలి నొప్పి మొదలైంది.

"ఈ కాంక్రీట్ నేలే నా కాళ్లు పాడుచేస్తోందండీ" అనేది.

సరే, ఇంటి వెనక ఒక గది కట్టి చెక్క నేల వేయిద్దామనుకున్నాం. కింద ఖాళీ వదిలి, దూలాల మీద పలకలు బిగిస్తే అడుగు వేసినప్పుడు నేల కాస్త లొంగుతుందట. దూలాలు ఎంత దగ్గరగా వేయాలో తేల్చడానికి కాంట్రాక్టర్ "ఒకేసారి ఎంతమంది గెంతుతారు?" అని అడిగితే, సుధ నొప్పితోనే లేచి గెంతి చూపించింది. అందరం నవ్వుకున్నాం.

పునాది పడేలోగా స్కాన్‌లో తెలిసింది. తప్పు నేలది కాదు. ఎముకలో క్యాన్సర్.

పలకలు బిగించాక సుధను వీల్‌చైర్‌లో ఆ గదికి తీసుకెళ్లాను. కాలితో తొక్కుతున్నందుకు మన్నించమని నాట్యానికి ముందు భూమికి మొక్కుతారు కదా. పిల్లలంతా వంగి నేలను తాకారు. సుధ కూడా వంగింది. చెయ్యి అందలేదు.

"ఏమండీ, నా బదులు మీరు మొక్కండి."

"నాకేం వచ్చు సుధా?"

"రానక్కర్లేదు. పాపం, ఆ గరాజ్ నేలని ఊరికే ఆడిపోసుకున్నాం. దానికీ సారీ చెప్పండి."

పిల్లల ముందు సిగ్గుపడుతూనే వంగాను. చాలాసేపు లేవలేకపోయాను.

ఆ చెక్క మీద ఒక్క అడుగూ వేయకుండానే సుధ వెళ్లిపోయింది. ఇప్పుడక్కడ ఆమె శిష్యురాలు క్లాసులు చెబుతోంది. నేను మాత్రం రోజూ ఆఫీస్ నుంచి వచ్చి, గరాజ్‌లో కారు దిగి, వంగి ఆ కాంక్రీట్‌ను ఒకసారి తాకాకే లోపలికి వెళ్తాను.