పెద్దమ్మ గడకు తెలిసిన సరస్సు

మా పెద్దమ్మ ముప్ఫై ఏళ్లుగా సరస్సులో పడవ నడుపుతూ, చలికాలంలో వచ్చే పక్షులను జనానికి చూపిస్తుంది. తెడ్డు ముట్టదు. పొడవాటి గడను నీటి అడుగున గుచ్చి పడవను తోస్తుంది. మిగతావాళ్లంతా మోటార్లు పెట్టుకుంటే, "ఆ మోతకి పక్షులేంటి, మొగుడు కూడా పారిపోతాడు" అనేది.

మూడేళ్లుగా వానలు మొహం చాటేశాయి. నీళ్లు రేవుకు కిలోమీటరు దూరం జరిగిపోయాయి. పక్షులు మాత్రం వచ్చి ఆ కాసిని నీళ్లలోనే దిగాయి. మధ్యలో అంతా బురద. మోటారువాళ్లు చేతులెత్తేశారు. నెలలోగా సందర్శకులను తిప్పకపోతే పర్మిట్ రద్దని మాకు కాగితం వచ్చింది. ఆ రోజు పెద్దమ్మ బురదలో దిగబడిన పడవలో కూర్చుని ఏడ్చింది. రేవులో టికెట్లు అమ్మే నాకూ, కిటికీలోంచి చూస్తుంటే ఏడుపు ఆగలేదు.

"పడవను కట్టెల కింద అమ్మేద్దాం," అన్నాడు పెదనాన్న.

"ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని చూశాను గానీ, ఏరు ఎండిందని తగలేస్తాననే మనిషిని మిమ్మల్నే చూస్తున్నా!" అంది పెద్దమ్మ.

కళ్లు తుడుచుకుని, గడ పట్టుకుని బురదలోకి దిగింది. అప్పుడు వెలిగింది నాకు. ఎక్కడ గట్టి నేలో, ఎక్కడ ఊబో ముప్ఫై ఏళ్లుగా ఆమె చేతికి తెలుసు. మోటారువాళ్లు ఏనాడైనా సరస్సు అడుగును తాకితే కదా! వారంలో కర్రలు పాతి, ఎర్రగుడ్డలు కట్టి, పక్షుల దాకా నడకదారి వేసి, జనాన్ని తీసుకెళ్లడం మొదలుపెట్టింది.

పర్మిట్ల ఆఫీసరు ఊడిపడ్డాడు. "పడవ పర్మిట్ మీద జనాన్ని నడిపిస్తావేంటమ్మా? ఎవరైనా కూరుకుపోతే?"

"నా వెనకే నడిస్తే ఏం కాదు సార్. రండి."

సగం దారిలో ఆయన ఫోటో కోసం ఒక్క అడుగు పక్కకేశాడు. మోకాలి దాకా దిగిపోయాడు. నేను నవ్వేశాను, తప్పే. పెద్దమ్మ గడ అందించి లాగింది. ఒక బూటు బురదకే దక్కింది.

ఒంటి బూటుతోనే పక్షుల దాకా వచ్చాడు. అంత దగ్గరికెళ్లినా ఒక్కటీ బెదరలేదు. చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

"పర్మిట్లో ఏం రాయమంటావు?"

"నీళ్లుంటే పడవ, లేకపోతే నడక. రెండూ రాయండి."

"వచ్చే ఏడు పక్షులే రాకపోతే?"

"అప్పుడు చూద్దాం సార్. సరస్సు ఎండినా, ఎక్కడెక్కడి నుంచో అవి వచ్చాయి. గట్టు మీదున్న నేను రాకపోతే సిగ్గుచేటు."