జోడీ అంటే రెండే

ఆ రోజుల్లో మా కోరుట్లలో పొద్దున లేవగానే అందరూ అడిగే మొదటి మాట "ఇయ్యాల బంద్ ఉన్నదా, లేదా" అని. బంద్ ఉంటే కాలేజీ లేదు, బస్సు లేదు, కరెంటు ఎలాగూ లేదు. నా డిగ్రీ ఆఖరి పరీక్షలు మూడుసార్లు వాయిదా పడ్డాయి. తెలంగాణ ముందొస్తుందో, నా పరీక్షలు ముందొస్తాయో అని మా వాడకట్టంతా ఎదురుచూసేది. (తెలంగాణ రావాలని నేనూ మనసారా కోరుకునేదాన్ని. పరీక్షల విషయంలో మాత్రం నాకంత తొందర లేదు.) నాకున్న పట్టుదలంతా కిటికీ పక్కన పెట్టిన రెండడుగుల గాజుతొట్టి మీదే ఉండేది.

దానికి కారణం మా బాపు. ఆయన మస్కట్‌లో ఒక పెద్దింట్లో పనికి ఉండేవాడు. ఆ ఇంట్లోని చేపలతొట్టి అద్దాలు తుడవడం కూడా ఆయన పనే. ప్రతి శుక్రవారం ఫోన్ చేసి, మేం తిన్నామా లేదా అని అడిగాక, ఆ చేపల ముచ్చట్లే చెప్పేవాడు. వాటిని ఏంజెల్ చేపలంటారట. ఆడదీ మగదీ కలిసి గుడ్లకు కాపలా కాస్తాయట. "తండ్రి శాప గూడ పిల్లలను ఇడిశి యాడికి పోదు బిడ్డా" అన్నాడొకసారి. ఆయన ఇల్లు విడిచి అప్పటికి నాలుగేళ్లు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వినబడకుండా ఏదో ఒకటి అనాలని, మనింట్లో కూడా అవే చేపలు పెట్టామని, పిల్లలు కూడా అయ్యాయని చెప్పేశాను. చేపలు పెట్టిన మాట నిజం. పిల్లల మాట పచ్చి అబద్ధం. బాపు ఎంత సంబరపడ్డాడంటే, నాలుగు నెలల్లో సెలవు మీద వస్తున్నానని, ఆ పిల్లలను చూడాలని అన్నాడు. మమ్మల్ని కూడా చూడాలన్నాడు, కాకపోతే ఆ తర్వాత అన్నాడు.

ఆ రెండు చేపలను జగిత్యాలలో ఒక భాయ్ దుకాణంలో కొన్నాను. జోడీ కావాలన్నాను, జోడీ ఇచ్చాడు. గుడ్లు పెట్టడానికి నున్నటి రాయి ఉండాలని ఆయన చెబితే, నా ఒకటో తరగతి పలకకు చుట్టూ ఉన్న చెక్క ఊడదీసి తొట్టిలో ఏటవాలుగా నిలబెట్టాను. రెండూ కలిసి పలకను మూతులతో శుభ్రం చేశాయి, గుడ్లు పెట్టాయి. మా అమ్మ బీడీల చాట పక్కన పెట్టి మరీ వచ్చి చూసింది. మూడో రోజుకు గుడ్లన్నీ తెల్లబడి పాడైపోయాయి. నీళ్లు మార్చాను. ఎండ తగలకుండా కిటికీకి అమ్మ పాత చీర కట్టాను. మళ్లీ పెట్టాయి, మళ్లీ తెల్లబడ్డాయి. దిష్టి తగిలిందని అమ్మ తొట్టి చుట్టూ నిమ్మకాయ తిప్పింది. మూడోసారీ అంతే.

బంద్ లేని రోజు చూసుకుని భాయ్‌తో పోట్లాడదామని జగిత్యాల వెళ్లాను. ఫోన్‌లో నేను తీసిన ఫొటో చూసి ఆయన తాపీగా, రెండూ గుడ్లు పెడుతున్నాయి కాబట్టి రెండూ ఆడవే అని తేల్చాడు. ఈ చేపల్లో ఆడేదో మగేదో గుడ్లు పెట్టేదాకా ఎవరికీ తెలియదట.

"మరి జోడీ అంటివి గద భాయ్?"

"జోడీ అంటే రెండమ్మా. చెప్పుల జోడీ కొంటవు, అండ్ల ఆలుమగలుంటరా?"

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే అమ్మ తీరిగ్గా, సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే మా మేనమామ దగ్గర మగచేప ఉందని, గుడ్లు పెట్టే దాని జోడు ఈమధ్యే చచ్చిపోయిందని చెప్పింది. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా అంటే, నువ్వు అడగలేదు కదా అంది. బాపు రావడానికి ఇంకా మూడు వారాలే ఉన్నాయి.

సమ్మెతో బస్సులు ఆగిపోయాయి. అయినా ఆటోలు మారుతూ సిరిసిల్ల వెళ్లి, మామ ఇచ్చిన చేపను రెండు లీటర్ల పాలక్యానులో వేసుకుని తిరుగుదారి పట్టాను. వేములవాడ దాటాక ఆటో ఆగింది. ఉద్యమకారులు రోడ్డుకడ్డంగా మూడు పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేస్తున్నారు. దారిన వచ్చినవాళ్లు దిగి, తమకు తోచింది వంటకిచ్చి, తిని పోతున్నారు. నేనూ దిగి, జై తెలంగాణ అంటూ చెయ్యెత్తాను. ఎత్తింది క్యాను పట్టుకున్న చెయ్యి. అది నేను వంటకు ఇస్తున్నాననుకుని ఒక పెద్దమ్మ మర్యాదగా అందుకుంది. పాలనుకుని చాయ్ గిన్నె దాకా తీసుకెళ్లి, మూత తీసి చూసి, "ఒక్క శాపనే తెచ్చినవా బిడ్డా" అంది. వెక్కిరింపుగా కాదు, జాలిగా. పక్కనున్నామె ఎలాగూ చింతపండు నానబెట్టే ఉందంటూ కత్తిపీట ముందుకు జరిపింది.

క్యానుకు చెయ్యి అడ్డం పెట్టి అన్నాను: "గది కూర శాప కాదు పెద్దమ్మా, పెండ్లి పిలగాడు. కోరుట్లల పిల్ల ఎదురుచూస్తున్నది."

పెద్దమ్మ క్యానులోకీ నా మొహంలోకీ మార్చి మార్చి చూసింది. "గట్లనా. మరి పెండ్లికి పోయెటోడు ఉపాసం పోతడా?" అని క్యానులో చిటికెడు అన్నం వేసి మూత పెట్టి ఇచ్చింది. (అన్నంతో నీళ్లు పాడవుతాయి. కోరుట్ల దాకా వేళ్లతో ఒక్కో మెతుకూ ఏరుతూనే ఉన్నాను.)

పెళ్లికొడుకు రెండిట్లో చిన్నదాన్ని మెచ్చుకుని పెద్దదాన్ని తరమడం మొదలుపెట్టాడు. పెద్దదాన్ని బకెట్లోకి మార్చాను. వారం తిరక్కుండానే పలక మీద గుడ్లు. వెంటనే కరెంటు పోయింది. గాలి పంపు ఆగిపోయింది. పగలంతా నేనూ అమ్మా వంతులేసుకుని గ్లాసుతో నీళ్లు ముంచి పైనుంచి పోశాం. మూడో రోజుకు గుడ్లు తెల్లబడలేదు, కదిలాయి.

బాపు వచ్చిన రోజు కాళ్లు కూడా కడుక్కోకుండా తొట్టి ముందు కూర్చున్నాడు. పిల్లలు పొగలాగా గుంపుగా ఈదుతున్నాయి. బాపు అద్దం మీద వేలు పెట్టగానే మగచేప దూసుకొచ్చి ఆ వేలును పొడవబోయింది. "నాకంటె గీడు నయం" అన్నాడు. అమ్మ బీడీ చుడుతూ తలెత్తకుండానే, వాడు సిరిసిల్ల నుంచి రావడానికే అంత తిప్పలైందని, నువ్వు మస్కట్ నుంచి వచ్చావని అంది. ఇక నేను ఆగలేక, ఆ పిల్లలు మొన్న మొన్నటివేనని, ఆ రోజు ఫోన్‌లో చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నాను.

"నాకెరుకనే. నాలుగు నెల్ల పిల్లలైతే రూపాయి బిళ్లంత ఉంటయి. అద్దాలు తుడిశెటోన్ని, నాకు తెల్వదా" అన్నాడు తొట్టిలోంచి చూపు తిప్పకుండా. "పిల్లలైనయి అని నా బిడ్డ చెప్పినంక రాకుంట ఎట్లుంట?"

నలభై రోజులుండి మళ్లీ వెళ్లిపోయాడు. తర్వాత నా పరీక్షలు వచ్చాయి, తెలంగాణా వచ్చింది. బాపు కూడా చివరికి శాశ్వతంగానే వచ్చాడు, పిల్లలన్నీ పెద్దవై తొట్టి ఎండిపోయిన చాలా ఏళ్లకు. ఇప్పుడు ఏ దుకాణంలో ఎవరు జోడీ అన్నా, రెండా, ఆలుమగలా అని అడగబోయి నాలుక కరుచుకుంటాను. నాలుగు నెలల అబద్ధాన్ని మూడు వారాల్లో నిజం చేద్దామని పాలక్యాను ఒళ్లో పెట్టుకుని మెతుకులేరుతూ కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇప్పుడైతే అంత దూరం పోను. ఫోన్‌లోనే ఏడ్చేస్తాను.